సోలార్ పెట్టాక జనరేటర్ ఎందుకు ఆగిపోయింది? విశాఖలో ఒక రొయ్యల ఫ్యాక్టరీ కేస్ స్టడీ

పరవాడ వైపు ఉన్న ఒక రొయ్యల ప్రాసెసింగ్ ఫ్యాక్టరీ పైకప్పు మీద 500 కిలోవాట్ల సోలార్ పెట్టారు. మొదటి వేసవి అంతా బాగానే గడిచింది. వానాకాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం గ్రిడ్ కరెంటు పోయింది. రెండు జనరేటర్లూ అందుకున్నాయి, కాసేపటికి సోలార్ కూడా వాటితో కలిసింది. అంతా సవ్యంగా నడుస్తోందనుకుంటుండగా ఫ్యాక్టరీ మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది. అప్పటికి ప్లేట్ ఫ్రీజర్లలో సగం గడ్డకట్టిన సరుకు ఉంది. కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం మళ్లీ అలాగే జరిగింది. ఆ రోజు మబ్బు లేదు, ఎండ దంచేస్తోంది. మొదటిసారి మబ్బు పట్టినందుకు ఆగింది, రెండోసారి ఎండ ఎక్కువైనందుకు ఆగింది.

నేను ఫ్యాక్టరీలకు ఎలక్ట్రికల్ పనుల్లో సలహాలిస్తుంటాను. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. మన ప్రాంతంలో కోల్డ్ స్టోరేజీలు, రైస్ మిల్లులు, ఆసుపత్రులు వరసగా సోలార్ పెట్టుకుంటున్నాయి. ఎన్ని కిలోవాట్లు పెట్టాలి, ఎన్నేళ్లలో డబ్బు తిరిగొస్తుంది అన్న లెక్క అందరూ వేస్తారు. కొత్త కరెంటు వచ్చి చేరాక అంతకుముందు నుంచీ ఉన్న గ్రిడ్, జనరేటర్, కెపాసిటర్ ప్యానెల్ చేయాల్సిన పని ఎలా మారిపోతుందో మాత్రం చాలామంది చూడరు. ఈ ఫ్యాక్టరీలో వచ్చిన ప్రతి ఇబ్బందీ అక్కడినుంచే వచ్చింది. రాష్ట్ర గ్రిడ్‌ను నడిపేవాళ్లు రోజూ పడే తిప్పలు కూడా ఇవే. వాళ్లవి మెగావాట్లలో, మనవి కిలోవాట్లలో.

ఫ్యాక్టరీ సంగతి

కనెక్షన్ 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్). లోపల 415 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి. అమోనియా కంప్రెసర్లే అసలు లోడు. వాటి తర్వాత ప్లేట్ ఫ్రీజర్లు, ఐస్ మెషిన్, నీటి శుద్ధి, లైట్లు. ప్రాసెసింగ్ జోరుగా ఉన్న రోజు 700 కిలోవాట్ల దాకా లాగుతుంది. సరుకు రాని రోజు కోల్డ్ స్టోరేజీ ఒక్కటే నడుస్తుంది కాబట్టి లోడు 210 దగ్గర ఉంటుంది. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి, కథంతా వీటి మధ్యే తిరుగుతుంది.

డీజిల్ జనరేటర్లు రెండు, ఒక్కోటి 500 కేవీఏ, అంటే ఒక్కోదానికి 400 కిలోవాట్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అది చూసిన ఏ ఫ్యాక్టరీ యజమానీ జనరేటర్ విషయంలో బేరాలాడడు. వీళ్లూ ఆ తర్వాతే రెండోది కొన్నారు.

సోలార్ 500 కిలోవాట్లన్నది పలకల మీద రాసిన లెక్క. విశాఖ ఎండలో పలక 60 డిగ్రీలు దాటి కాగుతుంది. సిలికాన్ పలక 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి దాదాపు 0.35 నుంచి 0.4 శాతం పవర్ కోల్పోతుంది. దీనికి సముద్రం మీదుగా వచ్చే ఉప్పుగాలి తోడు. రొయ్యల ఫ్యాక్టరీకి ఇంకో బెడద కూడా ఉంది: తలకాయలు, పొట్టు పారేసే చోటికి కాకులు, కొంగలు వచ్చి పలకల మీదే వాలతాయి. ఒక వరసలో నాలుగు పలకలు రెట్టలతో తెల్లబడితే ఆ వరస మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది. నేను చూసేసరికి పొట్టు పోసే వైపున్న ఇన్వర్టర్ (పలకల డీసీ కరెంటును ఏసీగా మార్చే పెట్టె) మిగతావాటికంటే స్పష్టంగా వెనకబడి ఉంది. పొట్టు తొట్లకు మూతలు పెట్టించి, ఉదయం పూట పలకలు కడగడం మొదలుపెట్టాక ఆ తేడా పోయింది. ఇవన్నీ పోగా మంచి ఎండలో చేతికొచ్చేది 400 కిలోవాట్లు.

బిల్లు ఎందుకు అనుకున్నంత తగ్గలేదు

యజమాని మొదట అడిగింది జనరేటర్ గురించి కాదు, బిల్లు గురించి. "సోలార్ మీటర్లో యూనిట్లు కనిపిస్తున్నాయండీ, బిల్లులో అన్ని తగ్గట్లేదు. మధ్యలో ఎక్కడికి పోతున్నాయి?"

ఎక్కడికీ పోవడం లేదు. మన రాష్ట్రంలో హెచ్‌టీ వినియోగదారులకు బిల్లు కేవీఏహెచ్ లెక్కన వస్తుంది. మోటార్లు పని చేయడానికి అసలు పవర్‌తో పాటు అయస్కాంత క్షేత్రం కోసం రియాక్టివ్ పవర్ కూడా లాగుతాయి. కేవీఏహెచ్ మీటరు రెండింటినీ కలిపి చూస్తుంది. సోలార్ ఇన్వర్టర్‌ను మామూలు సెట్టింగులో వదిలేస్తే అది అసలు పవర్ మాత్రమే ఇస్తుంది. రియాక్టివ్ భాగం మొత్తం గ్రిడ్ నుంచే వస్తూ ఉంటుంది.

అంకెల్లో చూద్దాం. లోడు 700 కిలోవాట్లు, రియాక్టివ్ 175 కేవీఏఆర్ అనుకుంటే పవర్ ఫ్యాక్టర్ (మొత్తం కేవీఏలో అసలు పవర్ వాటా) 0.97. గ్రిడ్ నుంచి లాగేది 722 కేవీఏ (ఈ రెండూ నేరుగా కూడవు, లంబకోణ త్రిభుజంలో రెండు భుజాల్లా కలిసి కర్ణం ఇస్తాయి). సోలార్ 400 ఇచ్చాక గ్రిడ్ నుంచి రావాల్సింది 300 కిలోవాట్లే, కానీ 175 కేవీఏఆర్ అలాగే ఉంది. కలిపితే 347 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.86. సోలార్ 400 ఇస్తే మీటరు దగ్గర తగ్గింది 375. ఇది పెద్ద నష్టం కాదు. అసలు నష్టం సగం పని ఉన్న రోజుల్లో కనిపిస్తుంది. లోడు 480, రియాక్టివ్ 150 ఉన్న రోజు సోలార్ 400 ఇస్తే గ్రిడ్ నుంచి వచ్చేది 80 కిలోవాట్లు, మీటరెక్కేది మాత్రం 170. పవర్ ఫ్యాక్టర్ 0.47కి పడిపోతుంది. గంటకు 80 యూనిట్లు వాడి 170కి కడుతున్నారు. ఫ్యాక్టరీలో మోటారు చెడలేదు, కెపాసిటర్ కాలలేదు, వాడకం తీరు మారలేదు. సోలార్ వచ్చింది, అంతే.

రియాక్టివ్ పవర్‌ను ఫ్యాక్టరీలోనే అందించే కెపాసిటర్ ప్యానెల్ ఈ పని చేయాలి కదా అంటారు. ఉన్న ప్యానెల్‌లో ఒక్కో మెట్టూ 50 కేవీఏఆర్. అంత పెద్ద మెట్లతో పవర్ ఫ్యాక్టర్ 0.99 పట్టడం కష్టం. పైగా కరెంటును కొలిచే సీటీ నుంచి వచ్చే సిగ్నల్ సోలార్ నడిచేటప్పుడు మరీ చిన్నదైపోయి, కంట్రోలర్ దాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేస్తోంది. రెండు పనులు చేశాం. ఒకటి, 5, 10, 15 కేవీఏఆర్ చిన్న మెట్లు చేర్చి, సీటీని కంట్రోలర్‌కు సరిపడే రేషియోతో మార్చాం. రెండోది పైసా ఖర్చు లేనిది: ఇన్వర్టర్లతోనే రియాక్టివ్ పవర్ ఇప్పించాం. ఐదు ఇన్వర్టర్లు, మొత్తం 500 కేవీఏ. 400 కిలోవాట్లు ఇస్తున్నప్పుడు కూడా వాటికి 300 కేవీఏఆర్ దాకా ఇచ్చే సత్తా మిగిలి ఉంటుంది. ఆ సెట్టింగు మెనూలో ఉంది, పెట్టినవాళ్లు దాని జోలికి పోలేదు.

సోలార్ అమ్మేవాళ్లు కేవీఏహెచ్ గురించి ముందే చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. కొటేషన్‌లో "ఏడాదికి ఇన్ని యూనిట్లు" అని రాసి, దాన్ని టారిఫ్‌తో గుణించి ఆదా చూపించడం హెచ్‌టీ కస్టమర్ విషయంలో సరైన లెక్క కాదు.

ఆ మధ్యాహ్నం ఏం జరిగింది

ఇక జనరేటర్ సంగతి. ఆపరేటర్ ఒక్క మాటలో చెప్పాడు: "సార్, సోలార్ ఉంటే జనరేటర్‌కి ఊపిరాడ్డం లేదు." అతను సైలెన్సర్ దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. పైపు జాయింట్ల దగ్గర నల్లటి జిడ్డు కారి గోడ మీద చారలు కట్టి ఉంది. డీజిల్ ఇంజిన్‌ను ఎక్కువసేపు తక్కువ లోడు మీద నడిపితే సిలిండర్లు తగినంత వేడెక్కవు, డీజిల్ పూర్తిగా కాలదు, మిగిలింది ఇలా బయటికొస్తుంది. అందుకే 30 శాతం లోడుకు తగ్గించి నడపొద్దంటారు. ఆ చారలు చూస్తేనే అర్థమైంది, ఈ ఇంజిన్ చాలాకాలంగా అంతకంటే తక్కువలో నడుస్తోందని.

తర్వాత రెండు రికార్డులు తీసుకున్నాం. ఒకటి జనరేటర్ ప్యానెల్ లాగ్, రెండోది ఇన్వర్టర్ల డేటా. రెండూ పక్కపక్కన పెడితే మొదట ఏదీ కలవలేదు. సోలార్ తగ్గకముందే జనరేటర్ ఓవర్‌లోడ్ అయినట్టు కనిపించింది. చూస్తే రెండు గడియారాలకూ నాలుగు నిమిషాల తేడా ఉంది. ఇన్వర్టర్ డేటా ఇంటర్నెట్ టైమ్ తీసుకుంటుంది, ప్యానెల్‌లో ఎప్పుడో చేత్తో పెట్టిన టైమ్. ఆ నాలుగు నిమిషాలూ సర్దాక జరిగింది వరసగా బయటపడింది. ఇలాంటి పని చేసేవాళ్లకు నా సలహా ఒకటే: లాగ్ చదివే ముందు గడియారాలు చూడండి.

జరిగింది ఇది. గ్రిడ్ పోగానే ఇన్వర్టర్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆగాలి కూడా. లైను మీద కరెంటు లేదనుకుని ఎక్కే లైన్‌మేన్ ప్రాణానికి అదే రక్షణ. హుద్‌హుద్ లాంటి సమయంలో సోలార్ ఒక్కటే ఉంటే ఎండ ఎంత కాసినా ఫ్యాక్టరీ చీకట్లోనే ఉండేది అన్నది కూడా దీనివల్లే. ఈ రకం ఇన్వర్టర్‌కు తనంతట తాను 50 హెర్ట్జ్ లయ (ఏసీ కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, అదే ఫ్రీక్వెన్సీ) సృష్టించుకోవడం రాదు, ఎవరో సృష్టించినదాన్ని అనుసరించడమే వచ్చు.

రెండు జనరేటర్లూ అందుకుని 620 కిలోవాట్ల లోడును చెరో 310 పంచుకున్నాయి. 50 హెర్ట్జ్ కనిపించగానే ఇన్వర్టర్లు దాన్నే గ్రిడ్ అనుకుని మళ్లీ కలిశాయి. కొద్ది నిమిషాల్లో సోలార్ 380కి చేరింది. జనరేటర్ల వాటా 240కి పడింది. అప్పుడు ప్యానెల్‌లో ఎప్పటినుంచో ఉన్న డీజిల్ పొదుపు లాజిక్ పని చేసింది: 240 కిలోవాట్లకు రెండు ఇంజిన్లెందుకు, ఒకటి ఆపేద్దాం. ఆపేసింది. మిగిలినది 240తో, అంటే 60 శాతం లోడుతో హాయిగా నడుస్తోంది. ఇంజిన్ ఆరోగ్యం దృష్ట్యా చూస్తే అదే మంచి స్థితి కూడా.

నైరుతి మబ్బు ఒకటి పైకి వచ్చింది. నిమిషం లోపే సోలార్ 380 నుంచి 100కి పడిపోయింది. లోడు మాత్రం అదే 620. ఒక్క జనరేటర్ మీద 520 పడింది, దాని సత్తా 400. ఇంజిన్ వేగం తగ్గింది, ఫ్రీక్వెన్సీ పడింది. ఆగిన రెండో ఇంజిన్‌కు స్టార్ట్ కమాండ్ వెళ్లింది కానీ, అది స్టార్టై, వేగం అందుకుని, మొదటిదాని లయతో కలిసేలోపు (సింక్రనైజ్ అయ్యేలోపు) మొదటిది అండర్ ఫ్రీక్వెన్సీ మీద ట్రిప్ అయింది. అనుసరించడానికి ఎవరూ లేకపోవడంతో ఇన్వర్టర్లూ ఆగిపోయాయి.

పొదుపు లాజిక్‌లో తప్పు లేదు. అది రాసినప్పుడు సోలార్ లేదు. జనరేటర్ మీద కనిపించే లోడే ఫ్యాక్టరీ లోడు. సోలార్ వచ్చాక ఆ రెండూ వేరైపోయాయి. 380 కిలోవాట్ల లోడు సోలార్ చాటున కూర్చుని ఉంది, ఏ క్షణంలోనైనా బయటికి రావచ్చు. ప్యానెల్ కంటికి అది కనిపించదు.

ఆదివారం జరిగింది దీనికి సరిగ్గా తిరగేసిన సంగతి. లోడు 210, సోలార్ 330 ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. ఇన్వర్టర్లు పెరుగుతూ పోయాయి, జనరేటర్ మీద లోడు సున్నాకు వచ్చి, తర్వాత కరెంటు జనరేటర్‌లోకే తిరిగి పారింది. ఆల్టర్నేటర్ మోటారులా మారి ఇంజిన్‌ను తిప్పడం మొదలుపెడుతుంది. అది ఇంజిన్‌కు ప్రమాదం కాబట్టి రివర్స్ పవర్ రిలే దాన్ని విడదీసింది.

పెద్ద గ్రిడ్‌లో ఇదే లెక్క

ఈ ఫ్యాక్టరీ మేడ మీద నిలబడితే సింహాద్రి థర్మల్ ప్లాంటు చిమ్నీలు కనిపిస్తాయి. జిల్లాల విభజన తర్వాత అది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది కానీ, మాకు అది విశాఖ ప్లాంటే. ఎన్టీపీసీ వాళ్ల 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2000. అదే ప్లాంటు రిజర్వాయర్ నీళ్ల మీద 2021 ఆగస్టులో 25 మెగావాట్ల తేలే సోలార్ కూడా మొదలుపెట్టారు. బొగ్గు యూనిట్‌కూ కనీస లోడు ఉంటుంది. మన డీజిల్ ఇంజిన్‌కు 30 శాతం అనుకున్నాం, కేంద్ర ప్రభుత్వ విద్యుత్ కేంద్రాల బొగ్గు యూనిట్లకు 55 శాతమని కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2016లో నిర్ణయించింది. 500 మెగావాట్ల యూనిట్ అయితే 275. అంతకంటే దించితే మంట నిలకడ తప్పుతుంది, బాయిలర్ పైపుల మీద ఒత్తిడి పెరుగుతుంది. మధ్యాహ్నం సోలార్ వెల్లువెత్తినప్పుడు బొగ్గు యూనిట్లు ఆ కనీసానికి దిగి కూర్చుంటాయి. వాటిని పూర్తిగా ఆపేస్తే సాయంత్రానికి మళ్లీ ఎక్కించడం కుదరదు. చల్లబడిన బాయిలర్‌ను పూర్తి లోడుకు తేవడానికి గంటలు పడుతుంది. మన పొదుపు లాజిక్ రెండో ఇంజిన్‌ను ఆపేసినట్టు వాళ్లు ఆపేయలేరు.

మరి త్వరగా ఎవరు కదులుతారు? జలవిద్యుత్తు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ 120 మెగావాట్లు, ఎగువ సీలేరు 240, దిగువ సీలేరు 460. తూర్పు కనుమల్లోని ఈ కేంద్రాలు మెగావాట్లలో సింహాద్రి ముందు చిన్నవే, కానీ నిమిషాల్లో ఎక్కి దిగగలవు. వీటి విలువ తెలిసిన సందర్భం 2020 ఏప్రిల్ 5. రాత్రి 9 గంటలకు 9 నిమిషాల పాటు దేశమంతా లైట్లు ఆర్పింది. దేశవ్యాప్తంగా సుమారు 31,000 మెగావాట్ల డిమాండ్ తగ్గి, మళ్లీ అంత వేగంగానూ పెరిగింది. ఆ తగ్గుదలలో దాదాపు 17,500 మెగావాట్లు దేశంలోని జలవిద్యుత్ కేంద్రాలే భరించాయి. ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 హెర్ట్జ్‌ల మధ్య ఉండిపోయింది. మామూలుగా గ్రిడ్ కోడ్ కోరేది 49.90 నుంచి 50.05. ఆ రాత్రి నిలబెట్టింది కేవలం యంత్రాలు కాదు. లోడ్ డిస్పాచ్ సెంటర్లలో ముందే కూర్చుని ఏ యంత్రం ఎంత దిగాలో, ఎప్పుడు ఎక్కాలో లెక్క వేసుకున్న మనుషులు. వాళ్ల మీద నాకు అపారమైన గౌరవం.

ఇంత పెద్ద ఊపులు లేని రోజుల్లో సెకన్ల మీద సర్దుబాటుకు ఆటోమేటిక్ జనరేషన్ కంట్రోల్ ఉంది. దేశంలో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు ప్రాంతానికొకటి చొప్పున ఎంచుకున్న ప్లాంట్లలో దక్షిణాది నుంచి సింహాద్రి రెండో దశ ఉంది. జాతీయ కేంద్రం నుంచి నాలుగు సెకన్లకోసారి సిగ్నల్ వస్తుంది: కొంచెం పెంచు, కొంచెం తగ్గించు.

గాజువాకలో ఇంకో ఆసక్తికరమైన యంత్రాంగం ఉంది, దాని పక్కనుంచి రోజూ వెళ్లేవాళ్లు కూడా పట్టించుకోరు. 1000 మెగావాట్ల హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డైరెక్ట్ కరెంట్) స్టేషన్. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో సింక్రనైజ్ అయ్యేదాకా రెండు వైపులా ఫ్రీక్వెన్సీ వేరు. వాటిని నేరుగా కలిపితే కుదరదు. ఒక వైపు ఏసీని డీసీగా మార్చి, ఆ పక్కనే మళ్లీ ఏసీగా మార్చి ఇస్తే ఫ్రీక్వెన్సీలు కలవకపోయినా కరెంటు పారుతుంది. ఒడిశాలోని జయపూర్ వైపు నుంచి తూర్పు గ్రిడ్ కరెంటు ఇలా మనకు చేరేది. మన మేడ మీద ఇన్వర్టర్ చేసే పనికి ఇది పెద్దన్న.

ఏం మార్చాం

ఫ్యాక్టరీలో చేసిన ప్రధాన మార్పు ఒక సోలార్–డీజీ (డీజిల్ జనరేటర్) కంట్రోలర్. అది లోడు, సోలార్, రెండు జనరేటర్ల వాటాలను చదువుతూ ఇన్వర్టర్లకు పరిమితి పెడుతుంది. నడుస్తున్న ఏ జనరేటరూ 35 శాతం, అంటే 140 కిలోవాట్ల కిందికి దిగకూడదు. లోడు 620 ఉంటే రెండు జనరేటర్లకు 280 పోను సోలార్‌కు 340 మాత్రమే అనుమతి. ఎండ 380 ఇస్తానన్నా 40 వదులుకోవాలి. ఆదివారం లోడు 210 అయితే ఒక జనరేటర్‌కు 140, సోలార్‌కు 70.

పొదుపు లాజిక్‌ను తీసేయలేదు, దానికి కనిపించే అంకె మార్చాం. ఇంజిన్ ఆపాలా వద్దా అన్నది ఇప్పుడు జనరేటర్ మీది లోడు చూసి కాదు, ఫ్యాక్టరీ మొత్తం లోడు చూసి నిర్ణయిస్తుంది. సోలార్ ఈ క్షణంలో సున్నా అయినా నడుస్తున్న ఇంజిన్లు మోయగలగాలి. అంటే సోలార్ డీజిల్‌ను ఆదా చేస్తుంది, ఇంజిన్ల సంఖ్యను తగ్గించదు. యజమానికి ఇది నచ్చలేదు. "ఉచితంగా వచ్చే కరెంటును పారబోసి, డీజిల్ కాలుస్తామంటారా?" అన్నారు. కరెంటు పోయే గంటలు ఏడాదిలో ఎన్నో ఆయన రికార్డుల్లోంచే తీసి, వదులుకునే యూనిట్ల విలువను ఆ మధ్యాహ్నం పాడైన సరుకు విలువ పక్కన పెట్టాను. తర్వాత ఆయన అడగలేదు.

బ్యాటరీ కూడా చర్చకు వచ్చింది. పావుగంట ఫ్యాక్టరీని మోయగల బ్యాటరీ ఉంటే మబ్బు వచ్చినప్పుడు అది అందుకుని, రెండో ఇంజిన్ ఎక్కేదాకా నిలబెడుతుంది, అప్పుడు ఒక ఇంజిన్‌తోనే నడపొచ్చు. సాంకేతికంగా అదే మెరుగైన దారి. కానీ ఇక్కడ కరెంటు పోయేది తక్కువ. రోజూ గంటల తరబడి కోతలున్న చోటైతే నేనే బ్యాటరీ పెట్టమనేవాణ్ని.

ఇంకో చిన్న ఏర్పాటు: జనరేటర్ల మీద ఉన్నప్పుడు ఫ్రీక్వెన్సీ పడితే ముందు ఐస్ మెషిన్, ఆ తర్వాత నీటి శుద్ధి వాటంతటవే ఆగిపోతాయి. కంప్రెసర్లు, ప్లేట్ ఫ్రీజర్లు చివరిదాకా ఉంటాయి. పెద్ద గ్రిడ్‌లో 49.4, 49.2, 49.0, 48.8 హెర్ట్జ్‌ల దగ్గర రిలేలు మెట్టు మెట్టుగా ఫీడర్లను కోసే పద్ధతి ఇదే. ఊళ్లో కొన్ని వీధులు చీకటైతే కోపం వస్తుంది కానీ, రాష్ట్రం మొత్తం చీకటి కాకుండా ఆపేది ఆ కోతే.

సెట్టింగుల్లో ఒకచోట మాత్రం జాగ్రత్త కావాలి. గ్రిడ్ మీద ఉన్నప్పుడు ఇన్వర్టర్లతో రియాక్టివ్ పవర్ ఇప్పిస్తున్నామని చెప్పాను. జనరేటర్ మీదికి రాగానే ఆ పని మానిపించాలి. వోల్టేజీని నిలబెట్టేది జనరేటర్ ఏవీఆర్ (ఆటోమేటిక్ వోల్టేజీ రెగ్యులేటర్). ఇన్వర్టర్ కూడా అదే పని చేయబోతే రెండూ ఒకదాన్నొకటి దిద్దుకుంటూ వోల్టేజీ ఊగుతుంది. మొదటి ట్రయల్‌లో లైట్లు మినుకుమినుకుమనడం అందరం చూశాం. అప్పటినుంచి జనరేటర్ బ్రేకర్ మూసుకోగానే ఇన్వర్టర్లు యూనిటీ పవర్ ఫ్యాక్టర్‌కు (అంటే అసలు పవర్ మాత్రమే ఇచ్చే స్థితికి) మారేలా కట్టాం. కెపాసిటర్ ప్యానెల్‌నూ ఆ సమయంలో పక్కన పెట్టాం.

సాయంత్రం 6 గంటల సమస్య

రొయ్యల బళ్లు చెరువుల నుంచి మధ్యాహ్నం తర్వాత వస్తాయి. కడగడం, గ్రేడింగ్, పొట్టు తీయడం అయ్యి ఫ్రీజింగ్ ఊపందుకునేసరికి సాయంత్రం. సోలార్ అప్పుడే దిగిపోతుంది, టారిఫ్‌లో పీక్ సమయం మొదలవుతుంది. రాష్ట్రానికీ ఇదే గంట కష్టమైనది. ఇళ్లలో లైట్లు, ఏసీలు వేసేది సూర్యుడు వెళ్లాకే.

ఇక్కడ తేలిగ్గా దొరికింది ఐస్. సరుకు వచ్చాక ఐస్ మెషిన్ వేసే అలవాటు వాళ్లది. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 లోపు ఐస్ చేసి ఐస్ రూమ్‌లో నిల్వ పెట్టమన్నాను. ఐస్ రూమ్ తలుపు రబ్బరు మార్చడం తప్ప ఖర్చు లేదు.

కోల్డ్ స్టోరేజీ అంత సులువు కాలేదు. పగలు సోలార్ ఉన్నప్పుడు గదిని మామూలు కంటే చల్లగా దించి, సాయంత్రం ఒక కంప్రెసర్ ఆపేద్దామన్నది నా ఆలోచన. క్వాలిటీ ఇన్‌ఛార్జ్ మేడమ్ ఒప్పుకోలేదు. "చార్టులో మైనస్ 18 దాటితే నేను సంతకం పెట్టను సార్. దాటకపోయినా, రోజూ ఎక్కడం దిగడం అయితే ప్యాకెట్ లోపల మంచు పొడి చేరుతుంది. కొనేవాళ్లు అది చూస్తారు." ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఉష్ణోగ్రత ఊగితే సరుకులో తేమ బయటికొచ్చి ప్యాకెట్‌లో పేరుకుంటుంది. ఆవిడ షరతుల మీదే సెట్టింగు చేశాం: మామూలు మైనస్ 20, పగలు మైనస్ 23 దాకా, సాయంత్రం మళ్లీ మైనస్ 20 దాకా, అంతకు మించి ఒక్క డిగ్రీ కూడా పైకి కాదు. గాలి ఉష్ణోగ్రతతో పాటు సరుకు మధ్యలో ప్రోబ్ పెట్టి చూశాం. గాలి మూడు డిగ్రీలు మారినా సరుకు లోపల కదలిక చాలా తక్కువే. ఆవిడ చార్టులు చూసుకున్నాకే దాన్ని రోజువారీ పద్ధతి చేశారు.

ఇందులో కొంత కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, అది దాచకూడదు. ఎంత చల్లగా దించితే కంప్రెసర్ అంత కష్టపడుతుంది, ఒక్కో యూనిట్ చల్లదనానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, కావాల్సినప్పుడు వదిలే పంప్డ్ స్టోరేజీలోనూ అంతే: నీళ్లు పైకి తోడటానికి పట్టినంత కరెంటు కిందికి వదిలినప్పుడు రాదు, నాలుగింట మూడొంతుల పైచిలుకు వస్తుంది. ఎగువ సీలేరు దగ్గర ఏపీజెన్‌కో ప్రతిపాదించిన 1350 మెగావాట్ల ప్రాజెక్టుకైనా ఆ నష్టం తప్పదు. అయినా అలాంటివి కావాలి, ఎందుకంటే మధ్యాహ్నం యూనిట్‌కూ సాయంత్రం యూనిట్‌కూ విలువ ఒకటి కాదు.

ఇప్పుడు ఎలా ఉంది

తర్వాతి వానాకాలంలో కరెంటు పోయినప్పుడల్లా మబ్బులు వచ్చాయి, వెళ్లాయి, ఫ్యాక్టరీ ఆగలేదు. ఒకసారి ఐస్ మెషిన్ తనంతట తాను ఆగింది, అది ఆగాల్సినదే. బిల్లులో పవర్ ఫ్యాక్టర్ 0.99 దగ్గర నిలబడింది. సైలెన్సర్ జిడ్డు ఆగింది. గోడ మీద చారలకు సున్నం కొట్టించారు, కొత్తవి పడలేదు. ఆపరేటర్ ఇప్పుడు ప్యానెల్ గడియారాన్ని నెలకోసారి సరిచేసి రిజిస్టర్‌లో రాస్తున్నాడు. నేను చెప్పలేదు, అతనే మొదలుపెట్టాడు.

యజమాని ఇప్పుడు కార్ పార్కింగ్ షెడ్డు మీద ఇంకో 300 కిలోవాట్లు పెడదామంటున్నారు. లెక్క వేసి చూపించాను. ప్రాసెసింగ్ ఉన్న రోజు మధ్యాహ్నం మంచి ఎండలో పాతది 400, కొత్తది 240, మొత్తం 640. లోడు 700 కాబట్టి లోపలే ఇమిడిపోతుంది. సరుకు రాని రోజు లోడు 210, పగలు కోల్డ్ స్టోరేజీని దించుతూ ఐస్ మెషిన్ కూడా నడిపితే 300 దాటుతుంది. మిగతా సగానికి పైగా గ్రిడ్‌కు పంపాలి, లేదా తగ్గించుకోవాలి. అందుకే ముందు డిస్కమ్‌తో ఎగుమతి ఒప్పందం తేల్చుకోమన్నాను. ఆ తర్వాత రివర్స్ పవర్ రిలే సెట్టింగులు, కెపాసిటర్ మెట్లు, కంట్రోలర్ పరిమితులు అన్నీ మళ్లీ మొదటినుంచి చూడాలి. పలకల కొటేషన్ వచ్చేసింది. ఈ నాలుగు పనుల కొటేషన్ కూడా దాంతోపాటే తెప్పించమని చెప్పాను, తెప్పిస్తున్నారు.